వెలుతురు ముందు, మందు తర్వాత

పదకొండేళ్ళుగా పిల్లలకి ఈత నేర్పిన మనిషి ఒక సోమవారం పొద్దున బట్టల అరల తాళంచెవులిచ్చే కౌంటరు వెనక కుర్చీలో కూర్చోవలసి వచ్చింది. కొలను మేనేజరు చెడ్డవాడు కాదు. ఒక్క పరుషమైన మాట అనలేదు. "కొన్నాళ్ళే టీచర్, ఒంట్లో నెమ్మదించేదాకా. ఈలోపు మీకు మాత్రం ఆ చల్లటి నీళ్ళెందుకు చెప్పండి," అన్నాడు. ఆమె మోచేతుల వైపు చూడకుండా ఉండడానికి అతను పడుతున్న తంటాలు ఆమెకి తెలుస్తూనే ఉన్నాయి. అతని మీద జాలి కూడా వేసింది. మెడలోని ఈల తీసి అతని బల్ల మీద పెట్టి బయటికి వచ్చేసింది.

రెండేళ్ళ కిందట కుడి మోచేతి మీద చొక్కా బొత్తమంత మచ్చతో మొదలైంది ఇదంతా. కొలను గట్టుకి గీరుకుందేమో అనుకుంది. మచ్చ ఎర్రబడింది, పైన తెల్లగా పొలుసు కట్టింది, గీకితే రాలింది, రాలినచోటే మళ్ళీ కట్టింది. తర్వాత ఎడమ మోచెయ్యి, మోకాళ్ళు, నడుము. చివరికి వీపంతా దీవులు దీవులుగా పరుచుకుంది. ఈత దుస్తుల్లో దాచుకోవడానికి ఏముంటుంది. ఒక పిల్లవాడి తల్లి మేనేజరు గదిలోకి వెళ్ళి, "నాకేం పట్టింపు లేదండీ, పిల్లలు దిగే నీళ్ళు కదా అని," అందట. మేనేజరు నసుగుతూ నసుగుతూ ఆ ముక్క కూడా చెప్పేశాడు.

కౌంటరుకీ కొలనుకీ మధ్య నిలువెత్తు అద్దం గోడ ఉంది. అటువైపు పిల్లలు కాళ్ళు తపతపా కొడుతుంటే ఇటువైపుకి చప్పుడు రాదు. నీళ్ళు ఎగురుతాయి, నోళ్ళు తెరుచుకుంటాయి, ఆమె బదులు వచ్చిన మాస్టరు చెయ్యెత్తుతాడు, అంతా మూగగా. నీళ్ళ మీద పడిన వెలుతురు కప్పు మీద అల్లిబిల్లిగా తిరుగుతూ ఒక్కోసారి అద్దం దాటి ఆమె బల్ల మీదికి కూడా వచ్చేది. రబ్బరు పట్టీలకి కట్టిన తాళంచెవులు అందిస్తూ, తిరిగి తీసుకుని కొక్కేలకి తగిలిస్తూ, ఆమె అద్దంలోంచి చూసేది. మూడో వరసలో పిల్ల మోకాలి దగ్గర నుంచి కాలు కొడుతోంది, తుంటి దగ్గర నుంచి కొట్టాలి. ఎవరూ చెప్పడం లేదు. బల్ల కింద ఆమె కాలు తనంతట తనే తుంటి దగ్గర నుంచి కదిలేది.

రాత్రిళ్ళు కలలో నీళ్ళు వచ్చేవి. కొలను కాదు, ఇల్లే నీళ్ళలో ఉండేది. వంటగది అలమర్లు, పెళ్ళినాటి మంచం, మెట్లు, అన్నీ ఉన్నచోటే ఉండేవి. ఆమె మాత్రం వాటి మీదుగా మెల్లగా ఈదుకుంటూ ఒక గదిలోంచి ఇంకో గదిలోకి వెళ్తూ ఉండేది.

ఆ ఇంట్లో ఉండేది ముగ్గురు. భర్త గూడ్సు రైలు డ్రైవరు. అయిదు రోజులకోసారి వచ్చి, ఒక రోజంతా నిద్రపోయి, మర్నాడు వెళ్ళిపోతాడు. మిగిలిన రోజుల్లో ఇంట్లో ఉండేది ఆమె, అత్తగారు. అత్తగారు ఫర్నిచరు ఫ్యాక్టరీలో పాలిష్ సెక్షన్లో ముప్పయ్యేళ్ళు పనిచేసి రిటైరైన మనిషి. ఆవిడ చేతిలో పడ్డ బల్లలో మొహం చూసుకోవచ్చని ఫ్యాక్టరీలో ఆవిడని "అద్దం" అని పిలిచేవాళ్ళట. ఇప్పుడు కళ్ళు పోయాయి. కంట్లో ఒత్తిడి పెరిగే జబ్బు. కిటికీ ఎక్కడుందో తెలుస్తుంది, ఎదురుగా మనిషి నిలబడితే నీడ తెలుస్తుంది, అంతే. రంగులు పోయి నాలుగేళ్ళయింది. గోడ పట్టుకుని ఇల్లంతా తిరుగుతుంది, ఎవరి సాయమూ అడగదు. కోడలు కాపురానికి వచ్చి తొమ్మిదేళ్ళు. ఇద్దరి మధ్యా గొడవల్లేవు, కబుర్లూ లేవు. ఒకే రైలు పెట్టెలో ఎదురెదురు సీట్లలో కూర్చున్న ప్రయాణికుల్లా మర్యాదగా ఉండేవాళ్ళు.

చర్మం డాక్టరు ముసలాయన, తొందర లేనివాడు. అన్ని మచ్చలూ చూసి, చేతులు కడుక్కుని వచ్చి కూర్చున్నాడు.

"ఇది సోరియాసిస్ అమ్మా. మామూలు చర్మం నెల్లాళ్ళు తీసుకునే పనిని మీ చర్మం నాలుగైదు రోజుల్లో ముగించేస్తోంది. దానికి తొందరెక్కువ. మనం నెమ్మది నేర్పాలి."

ఆ మాట ఆమెకి బాగా ఎక్కింది. ఊపిరి పట్టకుండా చేతులూ కాళ్ళూ ఒకేసారి కొట్టేసే పిల్లల్ని ఎంతమందిని చూడలేదు.

"అంటుతుందా డాక్టరుగారూ?"

"అంటదు. ముట్టుకుంటే అంటదు, నీళ్ళలో అసలే అంటదు. మీరు ఈదొచ్చు కూడా. బయటికి రాగానే మంచినీళ్ళతో ఒళ్ళు కడుక్కుని మెత్తటి క్రీము రాసుకుంటే చాలు. పూర్తిగా పోతుందని మాత్రం మాటివ్వలేను. అణుగుతుంది. మళ్ళీ ఎప్పుడైనా రావచ్చు. వస్తే మళ్ళీ అణుస్తాం."

తర్వాత వైద్యం చెప్పాడు. వారానికి మూడు రోజులు పొద్దున్నే దీపాల గదికి రావాలి. ఎండలో ఉండే కిరణాల్లో పనికొచ్చే చిన్న ముక్కని మాత్రం ఏరి ఇచ్చే దీపాలవి. సాయంత్రం స్నానం చేసి ఒళ్ళు మెత్తబడ్డాక మచ్చల మీద ట్యూబు మందు పల్చగా రాసుకోవాలి. "వెలుతురు ఒక్కటే అయితే చాలా నెలలు పడుతుంది. మందు ఒక్కటే అయితే మీ వీపుకి చాలదు. రెండూ కలిస్తే తొందరగా లొంగుతుంది. ఒక్కటి గుర్తుపెట్టుకోండి. దీపాల గదికి వచ్చేటప్పుడు ఒంటి మీద ఏమీ ఉండకూడదు. వెలుతురు ముందు, మందు తర్వాత."

దీపాల గది ఆసుపత్రి కింది అంతస్తులో, నడవా చివర ఉంది. గది మధ్యలో నిలువు బీరువా లాంటి పెట్టె. దాని లోపలి గోడలకి చుట్టూరా మనిషెత్తు గొట్టాల దీపాలు. అక్కడి నర్సుని అందరూ సెకన్ల సిస్టరనేవాళ్ళు. ఆవిడ రోగుల్ని పేర్లతో పిలవదు, వాళ్ళు ఎంతసేపు లోపల నిలబడాలో ఆ లెక్కతో పిలుస్తుంది. "రండి, ఇరవై సెకన్లూ," అంది మొదటి రోజు. "కళ్ళకి ఈ అద్దాలు. మొహం మీద మచ్చల్లేవు కాబట్టి ఈ గుడ్డ. చేతులెత్తి పైన కడ్డీ పట్టుకోండి. రోజు రోజుకీ కొంచెం కొంచెం పెంచుకుంటూ పోతాం. ఒళ్ళు కాస్త గులాబీరంగు తేలితే మనం సరైన దారిలో ఉన్నట్టు. మండితే మాత్రం చెప్పాలి, దాచకూడదు."

తలుపు మూసుకుంది. ఎక్కడో పంకా తిరగడం మొదలైంది. గుడ్డ అంచు కింది నుంచి, అద్దాల పక్క నుంచి, నీలం కాని నీలమేదో లోపలికి జారింది. వెచ్చగా ఉంది, కానీ ఎండలా మీద పడదు. చుట్టూ ఒకేసారి ఆనుకుంటుంది, నీళ్ళలాగా. ఆమె తెలియకుండానే ఊపిరి బిగబట్టింది. కొలను అడుగుకి వెళ్ళి పైకి చూస్తే కనపడే వెలుతురు ఇది. పిల్లల కాళ్ళు పైన తేలుతూ, మాటలు దూరంగా ఉండి, ఎవరూ తనని చూడని చోటు. ఇరవై లెక్కపెట్టేలోపు దీపాలు ఆరిపోయాయి. అంత త్వరగా పైకి రావలసి వచ్చినందుకు ఆమెకి కొంచెం బాధగా కూడా అనిపించింది.

మందు దగ్గరే చిక్కు వచ్చింది. మోచేతులు, మోకాళ్ళు, నడుము అందుతాయి. వీపు అందదు. భర్త ఇంట్లో లేడు. ఒక సాయంత్రం గది తలుపేసుకుని, చెక్క అట్లకాడ చివర మందు పెట్టి భుజం మీదుగా వెనక్కి పోనిచ్చి తంటాలు పడుతోంది. అట్లకాడ చేజారి గోడకి తగిలి కిందపడింది. తీసింది, మళ్ళీ పడింది.

"ఏం చేస్తున్నావ్ అమ్మాయ్ అక్కడ?" బయట నుంచి అత్తగారు.

"ఏం లేదత్తయ్యా."

"ఏం లేనిదానికి అట్లకాడ ఎందుకు?"

ఆమె తలుపు తీసింది. అత్తగారు గుమ్మం పట్టుకుని నిలబడి ఉంది. "కొన్నాళ్ళుగా నీ మంచం చుట్టూ నేల మీద పొట్టు తగులుతోంది కాలికి. ఇంట్లో కర్రపని ఎవరూ చేయట్లేదు కదా అనుకున్నాను. నువ్వు చెప్పలేదు, నేనూ అడగలేదు. ఇటు తిరుగు."

"మీకెందుకత్తయ్యా, చూడ్డానికి బాగోదు."

"చూసేదెవరే," అంది ఆవిడ.

తొమ్మిదేళ్ళలో అది మొదటి పరాచికం. కోడలికి నవ్వాలో వద్దో తెలియలేదు. వెనక్కి తిరిగి కూర్చుంది. అత్తగారి వేళ్ళు ముందు మెడ కింద ఆగాయి, తర్వాత మెల్లగా దిగుతూ ఒక్కో దీవినీ చుట్టి వచ్చాయి. ఎక్కడా తొట్రుపాటు లేదు. "ఇదిగో ఇది ఎనభై నంబరు కాగితం. ఇది నూట ఇరవై. నడుము దగ్గర కాస్త నయం, నూట ఎనభై," అని తనలో తను గొణుక్కుంది. కర్ర తోమే గరుకు కాగితాల నంబర్లవి. నంబరు పెరిగేకొద్దీ నునుపు. "నాలుగొందలకి రావాలి. అప్పుడు పాలిష్ కూర్చుంటుంది. మందు ఇలా ఇవ్వు."

ఆ రోజు నుంచి సాయంత్రాలు అలా గడిచేవి. స్నానం చేసి వచ్చి మంచం అంచున కూర్చునేది. అత్తగారు మందుని అరచేతిలో కాస్త వేడెక్కనిచ్చి, వేళ్ళ కొసలతో మచ్చలు వెతికి వెతికి రాసేది. రాస్తూ ఫ్యాక్టరీ కబుర్లు చెప్పేది. తడి ఆరని కర్ర ఎలా మోసం చేస్తుందో, టేకు పొడి ముక్కులోకి వెళ్తే వాసన ఎన్నాళ్ళు పోదో, భోజనాల గంట కొట్టాక కూడా చేతులు తమంతట తాము గుండ్రంగా ఎలా తిరిగేవో. కోడలు కళ్ళు మూసుకుని వినేది. ఒక్కోసారి మధ్యలోనే కునుకు పట్టేది. మందు ఒరుసుకుపోకుండా రాత్రిళ్ళు వీపు మీద గుడ్డ లేకుండా బోర్లా పడుకునేది.

కలలు కూడా మారాయి. ఇప్పుడు తెల్లవారుజామున ఒకే కల వచ్చేది. నీళ్ళలో బోర్లా తేలుతూ ఉంటుంది. కింద నీలం వెలుతురు. వెనక నుంచి ఒక అల వచ్చి వీపు మీద మెత్తగా, గుండ్రంగా తిరుగుతుంది. అలకి తొందర లేదు. ఒకచోట ఆగుతుంది, ఇంకోచోటికి జరుగుతుంది, మళ్ళీ మొదటిచోటికి వస్తుంది. తర్వాత నీళ్ళు మెల్లగా దూరంగా జరిగిపోతాయి, ఎక్కడో తలుపు కిర్రుమంటుంది. నిద్రలేచాక ఎంతోసేపు ఆమెకి ఒళ్ళు తేలిగ్గా ఉండేది. ఆ తేలికతోనే దీపాల గదికి నడిచి వెళ్ళేది.

ఆరు వారాలు గడిచాయి. నర్సు ఇప్పుడామెని "రెండు నిమిషాలూ" అని పిలుస్తోంది. మోకాళ్ళు పల్చబడ్డాయి. నడుము మీద మచ్చలు వాటి జాడలు మాత్రం వదిలి వెళ్ళిపోయాయి. మోచేతులు మొండికేసినా పొలుసు తగ్గింది. వీపు మాత్రం ఎక్కడిదక్కడే. అత్తగారు రోజూ వేళ్ళతో చూసి, "ఎనభై ఎనభైగానే ఉందే," అని పెదవి విరిచేది. మందు ట్యూబు నెల రావలసింది పదిహేను రోజులకే అయిపోతోంది. వీపు పెద్దది కదా అనుకుంది కోడలు.

ఒక బుధవారం నర్సు ఆమెని పెట్టె ముందు నిలబెట్టి ఈ పక్కా ఆ పక్కా తిప్పి చూసింది.

"ముందు వైపు గులాబీరంగు తేలింది. వెనక చుక్క రంగు లేదు. మనిషి ఒక్కరే, దీపాలు అన్ని వైపులా ఒక్కటే. ఇదెక్కడి వింత?" అంటూ చిన్న టార్చి తెచ్చి వీపు మీద వేసింది. "నిగనిగలాడుతోందే. పొద్దున మందు రాసుకుని వచ్చారా?"

"లేదు సిస్టర్. సాయంత్రం రాసిందే."

"సాయంత్రం రాసింది ఇంతలా ఉండదు." నర్సు వేలితో మెల్లగా తాకి చూపించింది. వేలి కొస మెరిసింది. "ఇది రెండు మూడు గంటల కిందటిది. ఈ జిడ్డు మీద వెలుతురు పడితే లోపలికి దిగదు. పైగా ఈ మందుకి ఈ వెలుతురు పడదు, దాని సత్తువ కూడా పోతుంది. రెండూ మంచివే. ఒకదాని మీద ఒకటి వేస్తే రెండూ దండగ. ఎవరు రాస్తున్నారు మీకు?"

ఆమెకి కలలోని ఆ అల గుర్తొచ్చింది. అది ఆగిన చోట్లు, జరిగిన చోట్లు, చివర్లో కిర్రుమన్న తలుపు.

"ఇవాళ వద్దు, వెళ్ళిరండి," అంది నర్సు. "ఇన్నాళ్ళూ మీ వీపు చూసింది ఎంత వెలుతురో మనకి తెలీదు. ఉన్నట్టుండి ఒట్టి వీపు మీద రెండు నిమిషాలు పడితే కాలి ఊరుకుంటుంది. శుక్రవారం నుంచి వీపుకి మళ్ళీ ఇరవై సెకన్లే."

ఆరు వారాలు నీళ్ళపాలు. కౌంటరు వెనక ఆ రోజంతా ఆమెకి కోపం తెచ్చుకోవాలనిపించింది. కోపం రాబోయి, మందు వేడెక్కించే ఆ అరచేతులు గుర్తొచ్చి ఆగిపోయేది. ఒకరికి రెండుసార్లు తప్పు తాళంచెవి ఇచ్చింది.

శుక్రవారం తెల్లవారుజామున ఆమె నిద్రపోలేదు. బోర్లా పడుకుని కళ్ళు మూసుకుని ఉంది. కిటికీ ఇంకా బూడిదరంగులో ఉండగా తలుపు మెల్లగా తెరుచుకుంది. గోడ మీద చెయ్యి పాకుతున్న చప్పుడు, తర్వాత ట్యూబు మూత తిప్పిన చప్పుడు. అరచేతులు ఒకదానితో ఒకటి రాసుకుంటున్నాయి, మందు వేడెక్కడానికి. "ఒక్క పూతతో ఏ కర్ర లొంగింది గనక," అని ఒక గుసగుస. ఆమెకి ఒక్క క్షణం, ఏమీ అనకుండా అలాగే పడుకుని ఆ చేతుల్ని రానిద్దామనిపించింది.

"అత్తయ్యా," అంది.

చేతులు గాల్లో ఆగిపోయాయి. "మెలకువగా ఉన్నావా?"

"ఇవాళ రాయకండత్తయ్యా. దీపాల గదికి వెళ్ళే రోజు." లేచి కూర్చుని, నర్సు చెప్పిందంతా చెప్పింది. వీలైనంత మెత్తగా చెప్పింది. అయినా మాట మాటకీ అత్తగారి మొహం చిన్నబోతూనే ఉంది.

"అయితే నేనే చెడగొట్టానన్నమాట."

"మీరు చెడగొట్టాలని..."

"ముప్పయ్యేళ్ళు చేసిన పని. ఏ పూత ఎప్పుడు వేయాలో నాకు ఒకరు చెప్పాల్సిన పని ఉండేది కాదు." మందు అంటిన చేతుల్ని ఎక్కడ తుడుచుకోవాలో తెలియక ఆవిడ కాసేపు అలాగే నిలబడింది. తర్వాత తన చీర కొంగుకే తుడుచుకుని, గోడ పట్టుకుని వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రం కోడలు స్నానం చేసి వచ్చి మంచం అంచున కూర్చుంటే అత్తగారు రాలేదు. పిలిస్తే, "నడుం నొప్పి," అంది. మర్నాడూ అదే. ఆదివారం భర్త వచ్చాడు. తల్లికీ పెళ్ళానికీ మధ్య ఏదో జరిగిందని అన్నం ముద్ద ఎత్తేలోపే గ్రహించాడు. సాయంత్రం తనే మందు తీసుకుని పెళ్ళాం వీపు ముందు కూర్చున్నాడు. ఇంజను తోలే చేతులు. అయిదు నిమిషాల్లో వీపంతా ఒకేలా పూసేసి, "అయిపోయింది," అన్నాడు గర్వంగా.

పక్కగదిలోంచి తల్లి గొంతు వచ్చింది. "సున్నం కొట్టావురా?"

ముగ్గురూ నవ్వారు, ఎవరి గదిలో వాళ్ళు.

మర్నాడు భర్త డ్యూటీకి వెళ్ళాక ఆమె అత్తగారి మంచం పక్కన కూర్చుంది. "అత్తయ్యా, మీరు నాతో దీపాల గదికి రండి. ఏది ముందో ఏది తర్వాతో ఆవిడ నోటితోనే వినండి. నేను చెప్తే మీకు తప్పు పట్టినట్టే ఉంటుంది." అత్తగారు కాసేపటికి లేచి, బీరువాలో చేత్తో వెతికి ఉతికిన చీర తీసుకుంది.

దీపాల గదిలో సెకన్ల సిస్టరు ఆవిడకి అంతా మొదటి నుంచి చెప్పింది. అత్తగారు ఆరిపోయి ఉన్న గొట్టాల్ని ఒక్కోదాన్నీ వేళ్ళతో తడిమింది. "అంటే ముందు మీరు తోముతారు. తర్వాత నేను పూత వేయాలి. పూత మీద తోమితే రెండూ పోతాయి."

"అచ్చం అంతేనమ్మా," అంది నర్సు. "మీ అంత బాగా ఇంతవరకూ ఎవరికీ అర్థం కాలేదు."

"అర్థం కాకేం. ఆరు వారాలు చేసింది అదేగా," అంది అత్తగారు. కానీ మొహంలో బిగువు సడలింది.

ఆ రోజు కోడలికి వెలుతురు రెండు విడతలుగా ఇచ్చారు. మొదట వీపుతో సహా అంతా, కొద్ది సెకన్లు. తర్వాత దీపాలార్పి, వీపు మీద మందపాటి గుడ్డ కప్పి, మిగతా ఒంటికి మిగిలినంత. అత్తగారిని నర్సు గదికి అటు చివర కుర్చీలో కూర్చోబెట్టి, ఎందుకైనా మంచిదని ఆవిడక్కూడా అద్దాలు పెట్టింది. పెట్టె పైభాగం నుంచి కొద్దిగా వెలుతురు కప్పు మీద పడుతుంది. దీపాలు వెలగ్గానే అత్తగారు తల పైకెత్తింది.

లోపల నీలంలో నిలబడిన కోడలికి పంకా చప్పుడు మధ్య నుంచి ఆవిడ గొంతు వినపడింది, చాలా దూరం నుంచి వచ్చినట్టు.

"నీలమా అది?"

"నీలమేనమ్మా," అంది నర్సు. "కనపడుతోందా?"

"ఏమో. నీలమనిపించింది. ఆ మూల. నాకు ఊరికే అనిపించి ఉండొచ్చు కూడా."

దీపాలారాయి. మళ్ళీ వెలిగాయి. కోడలు బయటికి వచ్చేసరికి అత్తగారు ఒడిలో చేతులు పెట్టుకుని, తల అలాగే కప్పుకేసి ఎత్తి కూర్చుని ఉంది. ఇంటికి వెళ్ళేటప్పుడు మొదటిసారి కోడలి మోచెయ్యి పట్టుకుని నడిచింది, మచ్చ ఉన్నచోటే. ఆ సాయంత్రం నడుం నొప్పి మాట ఎత్తలేదు.

ఆ తర్వాత వారం వారానికీ వీపు మారుతూ వచ్చింది. పొలుసు ఊడింది, ఎరుపు తగ్గింది, మచ్చలు అంచుల నుంచి లోపలికి ముడుచుకున్నాయి. ఒకసారి జ్వరం వచ్చి నాలుగుసార్లు దీపాల గదికి వెళ్ళలేకపోతే నర్సు లెక్క మళ్ళీ వెనక్కి తగ్గించింది. చలికాలం దాటేసరికి వీపు మీద చర్మం కంటే కొంచెం ముదురు రంగు జాడలు మిగిలాయి, అంతే. అవి చేతికి తగలవు, కంటికే. అత్తగారికి అవి లేనట్టే లెక్క. మోచేతులు మాత్రం పూర్తిగా లొంగలేదు. అరచేయి వెడల్పున గులాబీరంగు అలాగే ఉండిపోయింది. డాక్టరు దీపాలు వారానికి ఒకసారికి తగ్గించి, "వీటితో కాపురం చేయడం నేర్చుకోవాలమ్మా," అన్నాడు.

ఆమె డాక్టరు దగ్గర ఉత్తరం రాయించుకుని మేనేజరు గదికి వెళ్ళింది.

"చేతులు ఇంకా కొంచెం..." అన్నాడు మేనేజరు.

"ఇవి ఇలాగే ఉంటాయి. ఒక్కోసారి ఎక్కువవుతాయి, ఒక్కోసారి తగ్గుతాయి. ఎవరికీ అంటవు. ఇదిగో, రాసిచ్చారు. ఇవి పోయేదాకా ఆగాలంటే నేను కౌంటరు వెనకే ముసలిదాన్నవుతాను సార్."

అతను ఉత్తరం రెండుసార్లు చదివాడు. "నోటీసు బోర్డు మీద పెట్టమంటారా?"

"వద్దు. మీ సొరుగులో పెట్టుకోండి. అడిగినవాళ్ళకి నేనే చెప్తాను."

అడిగేదాకా ఆగలేదు కూడా. ఆ మధ్యాహ్నం, మొదట్లో మేనేజరు దగ్గరికి వెళ్ళిన ఆ తల్లే కొడుకుతో కౌంటరు దగ్గరికి వచ్చింది. పిల్లవాడు తాళంచెవి తీసుకుని లోపలికి పరుగెత్తాడు. ఆవిడ వెళ్ళబోతుంటే టీచరు పిలిచింది.

"ఒక్క నిమిషమండీ. సోమవారం నుంచి మళ్ళీ నేనే నేర్పబోతున్నాను. మీకు ముందుగా చెప్పాలనిపించింది." చేతులు బల్ల మీద చాపి పెట్టింది. "దీన్ని సోరియాసిస్ అంటారు. అంటేది కాదు. ముట్టుకున్నా అంటదు, ఒకే నీళ్ళలో ఉన్నా అంటదు. మీకు నమ్మకం కుదరకపోతే బాబుని వేరే వరసలో వేయించుకోండి, నేనేమీ అనుకోను."

ఆవిడ మొహం ఎర్రబడింది. ఏదో సంజాయిషీ చెప్పుకుంటుందనుకుంది టీచరు. కానీ ఆవిడ ఆ చేతుల్నే చూస్తూ ఉండిపోయింది.

"అస్సలు అంటదా?"

"అంటదు."

"మా నాన్నకి ఉండేది," అంది చివరికి. "ఇలాగే, మోచేతుల మీద, తలలో. ఆయన కంచం విడిగా పెట్టేవాళ్ళు మా ఇంట్లో. తువ్వాలు విడిగా. మమ్మల్ని ఆయన ఒళ్ళో కూర్చోనిచ్చేవాళ్ళు కాదు. ఆయనా పిలిచేవాడు కాదు. అంటదని అప్పుడు ఎవరూ చెప్పలేదండీ."

టీచరు కౌంటరు వెనక నుంచి లేచి ఇవతలికి వచ్చింది. ఇద్దరూ అద్దం పక్కన నిలబడ్డారు. అటువైపు పిల్లలు చప్పుడు లేకుండా నీళ్ళు చిమ్ముకుంటున్నారు. కప్పు మీద వెలుతురు అల్లుకుంటూ విడిపోతూ ఉంది.

సోమవారం పొద్దున పిల్లలు రావడానికి అరగంట ముందే టీచరు కొలనులోకి దిగింది. నీళ్ళు చల్లగా ఉన్నాయి. మొదట చీలమండలు, తర్వాత మోకాళ్ళు, నడుము. ఊపిరి తీసుకుని మునిగింది. చెవుల్లోకి ఆ పాత నిశ్శబ్దం వచ్చి కూర్చుంది. ఒక కొస నుంచి ఇంకో కొసకి, మళ్ళీ ఇటు, తొందర లేకుండా ఈదింది. ఎన్నిసార్లు ఈదిందో లెక్కపెట్టుకోలేదు. ఒడ్డున తడి నేల మీద చిన్న చిన్న పాదాల చప్పుడు వినపడ్డాక తల పైకెత్తింది.

పన్నెండుమంది రావాలి, పదకొండుమంది వచ్చారు. ఒకరి ఇంటివాళ్ళు వేరే మాస్టరు వరసకి మార్పించుకున్నారట. ఆ తల్లి కొడుకు మాత్రం వచ్చాడు. గట్టు మీద కూర్చుని కాళ్ళు నీళ్ళలో ఆడిస్తూ ఆమె మోచేతుల్ని కళ్ళప్పగించి చూశాడు.

"టీచర్, అదేంటి?"

"నా చర్మానికి తొందరెక్కువ. మెల్లగా పెరగమంటే వినదు."

"నొప్పా?"

"అప్పుడప్పుడూ దురద. ఇవాళ లేదు."

ఆ సమాధానం వాడికి సరిపోయినట్టుంది. "నేను ముక్కు మూసుకోకుండా మునుగుతాను, చూస్తావా?" అన్నాడు.

"చూస్తాను. ముందు అందరూ దిగండి," అంది టీచరు. "గట్టు పట్టుకోండి. కాళ్ళు తుంటి దగ్గర నుంచి కొట్టాలి, మోకాలి దగ్గర నుంచి కాదు. ఊఁ, కానివ్వండి."